ఉప్పునీళ్ళు పోసిన బేటరీ బండి

మొదటిసారి ఆ బండిని నేను కాశీబుగ్గలో చూసేను. జీడిపిక్కల బట్టీ ముందు రోడ్డు కాస్త ఎత్తుకి ఉంటుంది. డీజిలు ఆటోలు ఆ ఎత్తెక్కడానికి పడే బాధ చూడలేం. నల్లటి పొగ కక్కి, ఒళ్ళంతా ఊగిపోయి, డ్రైవరు నోట తిట్లు తిన్నాక గానీ పైకి రావు. నేనప్పుడే నెత్తి మీది చేపల తట్ట దింపుకుని, బట్టీ గోడ నీడలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. నా పక్కనుంచి పిక్కల బస్తాలు వెళ్ళిపోతున్నాయి. ముందు బస్తాలే కనపడ్డాయి. వాటి కింద బండి ఉందని తరవాత చూసేను. మూడు చక్రాల బండి, వెనక సామాన్లకి తొట్టి. పొగ లేదు, చప్పుడు లేదు. దోమ పాడినట్టు సన్నగా ఏదో చెవికి తగిలి పోయింది, అంతే.

"ఓలమ్మో! ఇదేటి, బండి ఎగువకి జారిపోతన్నాది?" అన్నాను పైకే.

బట్టీలో పప్పు ఒలిచే ఆడవాళ్ళు పకపకా నవ్వేరు. "బేటరీ బండి ఒదినా! ఏ లోకంలో ఉన్నావు నువ్వు?" అని ఒకామె వెక్కిరించింది. వెక్కిరిస్తే వెక్కిరించనీ. అంత బరువు ఆ ఎత్తు మీదకి అలా వెళ్ళిపోతుంటే నోరు తెరుచుకుని చూడనివాళ్ళకి కళ్ళున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బస్తాలు దింపేసి ఆ బండి ఖాళీగా తిరిగొచ్చేదాకా నేను కదల్లేదు. డ్రైవరుని ఆపి, గేరేది, క్లచ్చేది, నూనె ఎక్కడ పోస్తావు అని అడిగేను. "ఏటీ లేవు పిన్నీ. కూకోవడం, తిప్పడం, ఆపడం" అన్నాడు. ఆ మూడు మాటలూ నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి ఇంటికొచ్చేదాకా.

ఎందుకు తిరిగేయో చెప్పాలంటే మా ఇంటాయన సంగతి చెప్పాలి. నేను మావా అని పిలుస్తాను. మాది వజ్రపుకొత్తూరు దాటేక సముద్రం ఒడ్డున ఊరు. ఆయన మీసం రాకముందే పడవెక్కిన మనిషి. గాలి ఎప్పుడు తిరుగుతుందో, కెరటం ఎక్కడ విరుగుతుందో ఆయన్ని అడిగేవారు పడవలో వాళ్ళు. అలాంటివాడికి కాళ్ళు ఉబ్బడం మొదలయింది. మా ఉద్దానంలో కాళ్ళుబ్బితే ఇంకేదీ అనుకోం, ముందా మాటే అనుకుంటాం. పలాస ఆసుపత్రిలో పరీక్షలు చేసి అదే అన్నారు. కిడ్నీలు. ఇంకా రక్తం కడిగే మిషనెక్కేదాకా రాలేదు, జాగ్రత్తగా ఉంటే చాన్నాళ్ళు నెట్టుకురావొచ్చు అన్నాడు డాక్టరు. సముద్రంలోకి వెళ్ళొద్దు. తాడు లాగొద్దు. బరువులెత్తొద్దు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి.

"మరేటి మిగిలింది బాబూ నాకు? ఊపిరి తీసుకోమంటారా?" అని అడిగేడు మా ఆయన. డాక్టరు పాపం నవ్వలేదు.

ఆ రోజునుంచి వలల పాక దగ్గర, సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పడవ ఒడ్డుకొస్తే మిగతా వాళ్ళందరూ పరిగెత్తి తాడు పడతారు కదా, ఆయన లేచి ఇంటికొచ్చేసేవాడు. పడవకి పెద్ద ఉంటాడు, తండేలు అంటాం. ఆయన మా ఇంటాయనకి బావ వరస, చిన్నప్పటినుంచీ ఒకే పడవ. ఆయనొచ్చి పలకరించినా మా ఆయన తలెత్తేవాడు కాదు. అన్నం పెడితే కెలికి లేచిపోయేవాడు. రోగం కంటే ఆ కూర్చోవడమే మనిషిని తినేస్తోందని నాకు అర్థమైపోయింది. పడవలో పని పోయినవాడు ఊళ్ళో ఏమౌతాడు? ఎవరికీ ఏమీ కాడు. ఈయనకొక పని దొరక్కపోతే నాకు మనిషి దక్కడు. నాకున్న భయమంతా అదే, నాకున్న ఆశా అదే.

ఆ బండి ఎలా కొన్నామన్నది రాయను. ఆడవాళ్ళ సంఘం, బేంకు, నా చెవులవి, అదంతా అందరిళ్ళలోనూ ఉన్న భాగోతమే. కొన్నాం. ఇంటి ముందు నిలబెట్టేను. మా ఆయన దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "ఏటిది? సెల్లుఫోనుకి సక్రాలెట్టినట్టున్నాది" అన్నాడు.

"సెల్లుఫోనే అనుకో. రోజూ రాత్రి కరెంటుకి తగిలించి పడుకోవాల" అన్నాను.

"నాను తోలనే. సముద్రంలో ఇంజను తోలినోణ్ణి. దీని మీద కూకుంటే పిల్లలు నవ్వుతారు."

నాకు ఒళ్ళు మండింది. "వలల పాక కాడ కూకుంటే నవ్వడం లేదేటి?" అన్నాను. అనకూడని మాటే. కానీ ఆ మాటకే ఆయన చటుక్కున ఎక్కి కూర్చున్నాడు, నా మీద కోపంతో. తాళం తిప్పేడు. ఏమీ అవలేదు. "స్టార్టవ్వలేదు, సూడు!" అన్నాడు గెలిచినవాడిలాగ. అప్పటికే అయిపోయింది. చప్పుడు లేదు గదా, తెలీలేదు. చెయ్యి కాస్త తిప్పేడో లేదో బండి ముందుకి కదిలింది, మా ఆయన మొహం చూడాలి అప్పుడు. భయం, సిగ్గు, ఆశ్చర్యం, అన్నీ ఒకేసారి. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేడు. కోళ్ళు తప్పుకోలేదు, కుక్క లేవలేదు. బండి వస్తోందని వాటికి ఎలా తెలుస్తుంది?

గుమ్మంలో కూర్చున్న మా అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, "మీ మావయ్య సాపెత్తి పడవ తోలినప్పుడు ఇలగే ఉండీది. గాలి తప్ప ఇంకో సప్పుడుండీది కాదు" అంది. ఇంజన్లు రాకముందు తెరచాప పడవలుండేవి మా ఒడ్డున. నేనవి చూడలేదు. మా ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో ఎక్కేడట. ఆయన బండి దిగకుండానే వాళ్ళమ్మ వైపు చూసి, "అవునే అమ్మా. అలగే ఉన్నాది" అన్నాడు. ఎన్ని నెలలకి ఆ గొంతు విన్నానో. నాకు కళ్ళనీళ్ళు తిరిగేయి, పొయ్యిలో పొగని చెప్పి లోపలికెళ్ళిపోయేను.

కొత్త పడవ కట్టిస్తే మా ఊళ్ళో ఒక పద్ధతుంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి కెరటం తగిలేదాకా తోసుకెళ్ళి గంగమ్మకి చూపించాలి. అమ్మ చూడని పడవ ఎక్కరు. బండీ మనకి పడవ లాంటిదే కదా అన్నాడు తండేలు. అందరికీ సబబుగానే తోచింది. ఇసక మీద కొబ్బరి కమ్మలు పరిచి, పడవకిలాగే పాట అందుకుని, బండిని నీళ్ళదాకా తోసేరు. కెరటమొచ్చి చక్రాలు సగం మునిగేదాకా తడిపింది. ఆడవాళ్ళం చెంబులతో సముద్రపు నీళ్ళు దాని మీద పోసేం. మా అత్త మరీ భక్తిగా, సీటు కిందా, అద్దం వెనకా, ఎక్కడా పొడి లేకుండా పోసింది. నేనూ దణ్ణం పెట్టుకున్నాను. తల్లీ, దీంతో నా మనిషిని లేపు అని.

ఇక పని మొదలైంది. నిజం చెప్పొద్దూ, చూస్తూ చూస్తూ నాకు నమ్మకం కుదర్లేదు. తట్ట నెత్తినెట్టుకుని బస్సు కోసం నిలబడితే, వాసనని చెప్పి ఆపకుండా పోయిన బస్సులు నాకు తెలుసు. ఆటోవాడు ఎక్కించుకుంటే చివర్న, కాలు బయట పెట్టి. ఇప్పుడు ఐసు డబ్బాలు తొట్టిలో వరసగా, మీద తడిపిన గోనె, ముందు మా ఆయన. ఎండెక్కకుండా కాశీబుగ్గ. చేపలు పొద్దున్న సముద్రంలోంచి వచ్చినట్టే ఉండేవి, కుదుపు లేదు కదా. డీజిలు ఆటోలో వెళ్ళిన నెత్తళ్ళలాంటి చిన్న చేపలు దిగేసరికి సగం పచ్చడయ్యేవి. నేను బజార్లో అమ్ముకునేలోపు ఆయన ఆ పిక్కల బట్టీకి బస్తాలు తోలేవాడు. దానికి బదులు బట్టీ యజమాని వాళ్ళ ప్లగ్గులో బండికి కరెంటు పెట్టుకోనిచ్చేవాడు. తిరుగు దారిలో ఖాళీగా రావడమెందుకని తోటలవాళ్ళ ఎరువులు, సిమెంటు. పనసకాయల రోజులొస్తే పనసకాయలు. కొబ్బరికాయల రాశి ఒకసారి కోటబొమ్మాళి సంతకి వేసుకెళ్ళేడు. బరువు ఎక్కువైతే కరెంటు తొందరగా తరిగిపోతుంది, ఆ లెక్క ఆయనకి వారంలోనే పట్టుబడింది. ఎగువలో నెమ్మదిగా, దిగువలో వదిలేసి. సముద్రం మీద గాలిని వాడుకున్నట్టే వాడేవాడు దాన్ని.

ఎత్తడం దించడం వేరేవాళ్ళు చేసేవారు, ఆయన ముట్టుకోకూడదు. కూర్చునే తోలేవాడు. గేరు తొక్కి కాలు వాచేది లేదు, కిక్కు కొట్టి నడుం పట్టేది లేదు, ఇంజను వేడికి ఒళ్ళు కాలేది లేదు. నేను పక్కనించి దొంగచూపులు చూసేదాన్ని. మనిషి కాస్త కాస్త వెనక్కొస్తున్నాడు. అన్నం తింటున్నాడు. తండేలు పలకరిస్తే తలెత్తి మాట్లాడుతున్నాడు. ఇంత చిన్న డబ్బాలో, నిప్పూ లేని, నూనే లేని డబ్బాలో, ఇంత పని ఎక్కడ దాక్కునుందని నాకు రోజూ ఆశ్చర్యమే. ఒక్కోసారి బండి నిలబడున్నప్పుడు చెయ్యి వేసి చూసేదాన్ని. చల్లగా ఉండేది. పొద్దుటినుంచీ అంత మోసిన దాని ఒళ్ళు చల్లగా ఉండడమేటి?

రోజూ సాయంత్రం ఆయనే దాన్ని కడిగేవాడు. చేపల నెత్తురు, పొలుసు, ఐసు నీళ్ళు, వాసన పోవాలి కదా. పడవని ఎలా కడుగుతాడో అలాగే, నేను సముద్రం నుంచి బకెట్లతో తెచ్చిన నీళ్ళు దబదబా కొట్టేవాడు. మాకు అది తప్ప వేరే ఆలోచన లేదు. పడవ కడిగేది దాంతోనే, వలలు ఉతికేది దాంతోనే, ఒడ్డున చేతులు కడుక్కునేదీ దాంతోనే. మంచినీళ్ళ సంగతి మా ఊళ్ళో వేరు. నీళ్ళ వల్లే ఈ రోగమని కొందరంటారు, కాదని కొందరంటారు, ఎవరూ తేల్చలేదు గానీ, తాగేవి కేన్లలో కొనుక్కుంటాం. అలాంటి నీళ్ళు బండి మీద పోస్తారా ఎవరైనా?

ఒకరోజు జీడితోటల మధ్య బండి ఆగిపోయింది.

ముందు ఎర్రలైటు వెలిగింది. తరవాత ఒక్కసారి జెర్కిచ్చి నిలబడిపోయింది. తాళం తిప్పేడు, తీసేడు, మళ్ళీ తిప్పేడు. ఇంజనైతే విప్పి చూసేవాడు, నోజిలు ఊదేవాడు, ఏదో ఒకటి చేసేవాడు. దీనికి విప్పడానికేముంది? ఎండ ఎక్కుతోంది. ఐసు కరిగి తొట్టిలోంచి కారుతోంది. నాతో బండెక్కిన చేపలమ్మే ఆడవాళ్ళు కాసేపు చూసి, తట్టలు నెత్తికెత్తుకుని, దారిన పోయే డీజిలు ఆటోని ఆపుకుని వెళ్ళిపోయేరు. వాళ్ళననడానికేముంది, చేప ఆగదు కదా. మా ఆయన ఒక జీడిచెట్టు కింద కూలబడ్డాడు.

"సముద్రం పొమ్మంది. ఇప్పుడిదీ పొమ్మంటంది. నాను ముట్టుకున్నదేదీ నిలబడదే" అన్నాడు.

ఆ మాటతో నాకు మళ్ళీ భయం పట్టుకుంది. చేపలు పోతే పోయేయి. మళ్ళీ ఈ మనిషి వలల పాక దగ్గరికి వెళ్ళిపోతాడే అని.

ట్రాక్టరు కట్టి బండిని ఇంటికి లాక్కొచ్చేం. మర్నాడు టెక్కలి నుంచి మెకానిక్కుని పిలిపించేం. సీటెత్తి, మూతలు విప్పి, తీగలు కలిసే చోట్లు ఒక్కొక్కటీ లాగి చూసేడు. తెల్లగా పిండి పట్టినట్టుంది. రాగి పచ్చగా అయిపోయింది. వేలితో గీకి నాలికకి తగిలించుకున్నాడు. మా వైపు తిరిగి, "దీన్ని దేంతో కడుగుతున్నారమ్మా?" అని అడిగేడు.

మా అత్త గర్వంగా ముందుకొచ్చింది. "సముద్రం నీళ్ళతోటే బాబూ! ఒక్క రోజు కూడా మానలేదు!"

అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తరవాత నవ్వడం మొదలెట్టేడు, ఆపుకోలేక బండి తొట్టి పట్టుకుని నవ్వేడు. మా అత్తకి కోపమొచ్చి, "నవ్వుతావేటి? గంగమ్మ నీళ్ళు" అంది. "గంగమ్మకి దణ్ణమే మామ్మా. కానీ ఇది కరెంటుతో బతికే జీవం. ఉప్పు దీనికి విషం. దీని లోపల మాత్రం బంగారంలాగ ఉంది. బేటరీకేమీ అవలేదు, మోటారుకేమీ అవలేదు. మీరు ఇన్నాళ్ళు పోసినా ఇది ఇన్నాళ్ళు తిరిగిందంటేనే నాకు ఆశ్చర్యం" అన్నాడు. తీగల మూతులన్నీ శుభ్రం చేసి, పాడైనవి మార్చి, గ్రీజు పట్టించి, ఇకమీద చక్రాలకీ తొట్టికీ మంచినీళ్ళు, మిగతాదంతా తడిగుడ్డ అని చెప్పి వెళ్ళేడు. పోతూ పోతూ కూడా నవ్వుకుంటూనే ఉన్నాడు.

బండి బాగయింది. మా ఆయన బాగవలేదు. తాళాలు మేకుకి తగిలించేసేడు. ఊరంతా కలిసి పోసిన నీళ్ళే కదా అన్నా వినడు. "పడవ సూసినట్టు సూసినాను. దాన్ని సంపీబోయినాను. నాకు తెలిసిందంతా ఉప్పునీళ్ళే. ఉప్పునీళ్ళు పనికిరాని సోట నానేటికి?" అంటాడు. నేను బతిమాలేను. తిట్టేను. తండేలు వచ్చి చెప్పేడు. ఉహూఁ. మళ్ళీ వలల పాక. మళ్ళీ అదే వీపు. నేను తట్ట నెత్తికెత్తుకుని మళ్ళీ రోడ్డు మీద నిలబడ్డాను, ఇంటి ముందు అంత బండి పెట్టుకుని.

ఒక పొద్దున్న నాకు పిచ్చి కోపమొచ్చింది. మేకుకున్న తాళాలు లాక్కుని బండెక్కేను. కూకోవడం, తిప్పడం, ఆపడం, ఇంతేగా. చీర కుచ్చెళ్ళు బిగించి చెయ్యి తిప్పేను. అమ్మ బాబోయ్! అది కదిలిందనడానికి లేదు. ఊరే వెనక్కి వెళ్ళిపోయింది. నా కింద అంత బలం ఉందని, అది నా మణికట్టు మాట వింటోందని, ఆ క్షణం ఒళ్ళంతా జల్లుమంది. పుట్టినదగ్గర్నుంచి బరువు నా మెడ మీదే ఉండేది. మొదటిసారి బరువు నన్ను మోస్తోంది. అలా మురిసిపోతూ మలుపు సంగతి మర్చిపోయేను. బండి తిన్నగా ఇసకలోకి, కొబ్బరి పీచు గుట్టలోకి దూరి ఆగింది.

"బ్రేకు! బ్రేకే ఓలె! సెయ్యి వదిలీ!" అని కేకలేస్తూ వలల పాక దగ్గర్నించి పరిగెత్తుకొచ్చేడు మా ఆయన. "బుద్దుందా నీకు? ఎవరెక్కమన్నారు? మొహం పగిలిపోద్దే, గాడిదా! ఇసకలో అలగ సెయ్యి మెలేత్తారా? సక్రం పాతుకుపోద్ది! దిగు! దిగమంటంటే!"

ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను దింపేసి ఆయనెక్కేడు. చక్రాల ముందు కమ్మలు వెయ్యమన్నాడు. వేసేను. చెయ్యి ఇంత, గోరంత తిప్పేడు. బండి ఊగలేదు, అరవలేదు, ఇసకలోంచి మెత్తగా లేచి కమ్మల మీదకి వచ్చేసింది. డీజిలు బండైతే గొయ్యి తవ్వుకుని కూర్చునేది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయనకి కోపం పోయింది. "అబ్బ! ఏటే దీని బలం" అన్నాడు, నాతో కాదు, బండితో.

ఆ సాయంత్రం కేను నీళ్ళు తెప్పించి, గుడ్డ తడిపి, బండినంతా తుడిచేడు. చక్రాలకి బిందెడు పోసేడు. పక్కన గట్టు మీద ఆయన తాగాల్సిన నీళ్ళు, డాక్టరు చెప్పిన కొలత గ్లాసులో ఉన్నాయి. "నాకు గ్లాసు, దీనికి బిందె. దీని దర్జా సూడు" అని నవ్వేడు. నేను నవ్వలేకపోయేను. కొలిచి తాగే మనిషి అన్ని మంచినీళ్ళు అంత ప్రేమగా ఒక బండి కాళ్ళ మీద పోస్తుంటే, గుడ్డ అందుకుని రెండో పక్క నేనూ తుడిచేను.

తరవాత కవళ్ళు పడిన రోజు వచ్చింది. కవళ్ళంటే వెండి రంగు చిన్న చేపలు, గుంపుగా వస్తాయి, వస్తే సముద్రం ఇచ్చేస్తుంది. ఆ పొద్దున్న మా పడవ ఒడ్డుకి రాలేక వచ్చింది, అంచుదాకా వెండి. ఊరంతా అరుపులు. అలాంటి రోజు కొనేవాళ్ళ వేన్లు ఒడ్డుదాకా వచ్చి ఎత్తుకుపోవాలి, కవళ్ళు ఎండకి ఆగవు. అదే రోజు ఊరి దారిలో కల్వర్టు పని. పెద్ద వేన్లు అవతలే ఆగిపోయేయి. పక్కన తీసిన మట్టిదారిలో చిన్న బండి తప్ప పట్టదు. ఊళ్ళో ఉన్న డీజిలు ఆటోలు ఇసక అంచుకి రాకుండానే కూరుకుపోయేయి. తండేలు నడుం మీద చేతులు పెట్టుకుని ఎండ వైపు చూస్తున్నాడు. అంత చేప కళ్ళముందే కుళ్ళబోతోంది.

మా ఆయన బండి తెచ్చేడు. కమ్మలు పరిపించేడు, నీళ్ళంచుకి మాత్రం రానివ్వలేదు. "అక్కడి దాకా మీరు మొయ్యండి, ఇక్కణ్ణించి నాది" అన్నాడు. కుర్రాళ్ళు గమేళాలతో తెచ్చి తొట్టి నింపేరు. నేను తొట్టి వెనక నడుస్తున్నాను. ఆ బరువుకి చక్రాలు పల్చబడిపోయేయి. ఇది లేవదు, ఇవాళ్టితో సరి అనుకున్నాను. లేచింది. ఇసక దాటింది, మట్టిదారి దిగింది, గట్టెక్కింది, వేను పక్కన ఆగింది. ఖాళీ చేసుకుని తిరిగొచ్చింది. మళ్ళీ నిండింది. మళ్ళీ వెళ్ళింది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది, ఎవరూ అరవడం లేదు. ఆ బండి చప్పుడు చెయ్యకపోతే మనుషులు కూడా చెయ్యడం మానేసేరు. కెరటాల హోరొక్కటే. మా అత్త చేతులు జోడించి నిలబడింది, బండికో, కొడుక్కో, నేనడగలేదు.

ఆయన ఒక్క గమేళా ఎత్తలేదు. సీటు మీద కూర్చునే ఉన్నాడు. కానీ ఎవరు ఎప్పుడు నింపాలో, ఎంత నింపాలో, ఎక్కడ తొయ్యాలో, ఎక్కడ వదిలెయ్యాలో, అందరూ ఆయన చెయ్యే చూస్తున్నారు. ఎండ నెత్తిమీదకి రాకముందే పడవ ఖాళీ అయింది. ఆఖరి తిరుగుడుకి బండిలో కరెంటు అడుగంటిపోయింది. మనిషి నడిచినంత నెమ్మదిగా ఇంటిదారి పట్టించి, పాక నీడలో ఆపేడు.

అమ్మగా మిగిలిన మంచి చేపలు ఇసక మీద పాళ్ళు వేస్తారు. పడవలో వెళ్ళిన ఒక్కొక్క మనిషికీ ఒక కుప్ప, వలకొకటి, పడవకొకటి. ఎవరి కుప్ప దగ్గర వాళ్ళు నిలబడతారు. మా ఆయన దూరంగా బండి దగ్గరే ఉండిపోయేడు. తండేలు చేతులు దులుపుకుని లెక్క చూసుకుని, మళ్ళీ వంగి, అన్నిటిలోంచీ తలా కొంత తీసి ఇంకో కుప్ప వేసేడు.

"రా బావా, నీ పాలు కాడ నిలబడు" అన్నాడు.

"నాను పడవెక్కలేదు కదా."

"ఎక్కినోళ్ళకే ఏసినాను. రా."

మా ఆయన వచ్చి నిలబడ్డాడు. కుప్ప వైపు చూడ్డం లేదు, ఇసక వైపు చూస్తున్నాడు. తండేలు రోజూలాగే అందరివైపూ తిరిగి, "కవళ్ళు ఇంకా ఉన్నాయి. రేపు సీకటితోనే దిగాల" అన్నాడు. పడవ వేళ చెప్పేది తండేలే. ఆయన మాటకి ఎదురాడినవాణ్ణి మా ఒడ్డున నేను చూడలేదు.

"సీకటితో కుదర్దు బావా" అన్నాడు మా ఆయన.

అందరూ తిరిగి చూసేరు.

"మీరు సీకటితో దిగితే తెల్లారీసరికే వచ్చీసి కూకుంటారు. బండిలో సత్తువంతా ఈ రోజు పిండీసినాం. ఇవాళ లైను పనుంది, పొద్దోయేదాకా కరెంటుండదంట. అప్పుడు తగిలిత్తే తెల్లారినాక గానీ నిండదు. కల్వర్టు రేపూ ఇలగే ఉంటాది. ఎలుగొచ్చినాక దిగండి. మీరొచ్చేసరికి నానుంటాను."

తండేలు సముద్రం వైపు చూసేడు. పాక నీడలో ఉన్న బండి వైపు చూసేడు. మా ఆయన వైపు చూసేడు. పక్కనున్న మా అత్త చెయ్యి పట్టుకున్నాను.

"ఇన్నారా? ఎలుగొచ్చినాకే" అన్నాడు తండేలు పడవ వాళ్ళతో.

కుప్పలెత్తుకుంటూ వాళ్ళు ఒకరికొకరు అదే మాట చెప్పుకున్నారు. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తన పాలు తువ్వాల్లోకి ఎత్తుకుంటున్నాడు. చేపలు జారిపోతున్నాయి. నేను సాయానికి వంగితే, "ఉండే, నాను తీసుకుంటాను" అన్నాడు.

మర్నాడు పడవ ఆయన చెప్పిన వేళకే దిగింది.